చూడని రాత్రుల లెక్క

కొన్నేళ్ళ క్రితం మా మద్రసాలో ఒక పొరపాటు జరిగింది. అది విద్యార్థులది కాదు, నాది. దాన్ని పాఠకుల ముందు ఒప్పుకుని ఈ వ్యాసం మొదలుపెడతాను. ఎందుకంటే, ఖగోళ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఎదుర్కొంటున్న ఒక కఠిన సమస్య ఆ చిన్న పొరపాటులోనే ఇమిడి ఉంది.

నేను పై తరగతుల వారికి ఫలకియాత్, అంటే ఆకాశ గణితం బోధిస్తాను. నమాజు వేళలు, ఖిబ్లా దిశ, చంద్రమాసాల లెక్కలు అందులోని పాఠాలు. ఆ సంవత్సరం వర్షాలు తెరిపి ఇచ్చాక, పిల్లలకు ఆకాశాన్ని పుస్తకంలోనే కాక కళ్ళతో కూడా చదవడం అలవాటు చేయాలనిపించింది. అక్టోబరులో ఇషా తర్వాత పడమటి దిక్కుగా తలెత్తి చూస్తే, ఒక ప్రకాశవంతమైన నక్షత్రం, దానికి అటూ ఇటూ రెండు చిన్న చుక్కలు దాదాపు ఒకే వరుసలో కనిపిస్తాయి. మన పంచాంగాలలో ఇదే శ్రవణ నక్షత్రం. అరబ్బులు నడిమి చుక్కను ‘అన్నస్ర్ అత్తాయిర్’, అంటే ఎగిరే గద్ద అన్నారు. ఆ పేరులోని చివరి మాటే యూరపు భాషల్లో ‘ఆల్టెయిర్’ అయింది. పారశీకులకు ఆ మూడు చుక్కలూ త్రాసు దండంలా కనిపించాయి. వారు ‘షాహీన్ తరాజూ’ అని పిలిచారు.

ఆ త్రాసుకు కొంచెం దక్షిణంగా ‘ఈటా అక్విలే’ అనే మసక నక్షత్రం ఒకటి ఉంది. దాని వెలుగు స్థిరంగా ఉండదు. 7 రోజుల 4 గంటలకు ఒకసారి పెరిగి తగ్గుతుంది. బాగా వెలిగేటప్పుడు, కనిష్ఠ స్థితిలో కంటే రెండు రెట్లకు పైగా వెలుగునిస్తుంది. దీన్ని చూడటానికి ఏ పరికరమూ అక్కరలేదు. ఆల్టెయిర్ పక్కనున్న రెండు చుక్కలలో మసకగా ఉన్నదానితో పోల్చి చూస్తే చాలు.

## ఐదు గురువారాలు

వారం మధ్యలో రాత్రిపూట పిల్లలకు ముతాలా ఉంటుంది. మరునాడు శుక్రవారం సెలవు కాబట్టి గురువారం రాత్రి మాత్రమే తీరిక. అందుచేత ప్రతి గురువారం డాబా మీదికి వెళ్ళి, ఆ నక్షత్రం పక్క చుక్క కంటే ఎక్కువ వెలుగుతున్నదో తక్కువ వెలుగుతున్నదో నోటు పుస్తకంలో రాయమన్నాను. ఐదు గురువారాలు గడిచాయి. పన్నెండు మంది పిల్లల పుస్తకాలలోనూ ఒకే మాట: ‘కొంచెం ఎక్కువ, పోయిన వారం లాగానే.’

మా గ్రామ శివారు దీపాల వెలుగులో ఆ మార్పు మామూలు కంటికి అందడం లేదేమోనని నేను తరగతిలో చెప్పేశాను. అప్పుడు ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. అతనికి జ్వరం వచ్చి, రెండు రోజులు పాఠాలకు రాక డాబా మీద పడుకున్నాడు. “హజ్రత్, సోమవారం రాత్రి నేను చూశాను. పక్క చుక్క కంటే బాగా మసకగా ఉంది” అన్నాడు. జ్వరం కళ్ళతో చూసి ఉంటావని వాడిని కూర్చోబెట్టాను. ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేసిన తర్వాత గానీ నాకు తెలియలేదు, తరగతి మొత్తంలో సరిగ్గా చూసినవాడు వాడొక్కడేనని.

లెక్క సులభమే. నక్షత్రపు ఆవర్తన కాలం 7 రోజుల 4 గంటలు. మేము చూసిన వ్యవధి సరిగ్గా 7 రోజులు. కాబట్టి ఒక గురువారం అది ఏ దశలో ఉందో, మరుసటి గురువారం దాదాపు అదే దశలో, కేవలం నాలుగు గంటలు వెనుకబడి కనిపిస్తుంది. వారానికి నాలుగు గంటల చొప్పున వెనుకబడుతూ పూర్తి ఆవర్తనం ముగియాలంటే 40 వారాలకు పైగా, అంటే సుమారు 284 రోజులు పడుతుంది. గురువారం తప్ప మరో రోజు ఆకాశం వైపు చూడనివాడు ఏళ్ళ తరబడి ఓపికగా రాసుకుంటే, ‘ఈ నక్షత్రం తొమ్మిదిన్నర నెలలకు ఒకసారి స్పందిస్తుంది’ అని నమ్మకంగా ప్రకటిస్తాడు. పైగా, ఈ నక్షత్రం నిజానికి త్వరగా వెలుగు పెంచుకుని నెమ్మదిగా తగ్గుతుంది; అతని పుస్తకంలో మాత్రం నెమ్మదిగా పెరిగి త్వరగా తగ్గినట్టు ఉంటుంది. అంటే క్రమం కూడా తలకిందులవుతుంది.

పిల్లలు రాసిన ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. వారు చూసిన ఐదు రాత్రులూ నిజమే. చూడని రాత్రుల అమరికలోనే మోసం ఉంది. ఈ వ్యాసం చెప్పదలచినది ఇదే: పరిశీలనలోని ఖాళీ ఊరికే ఉండదు, అది క్రమం తప్పకుండా వచ్చే ఖాళీ అయితే, తన లయను తెచ్చి నక్షత్రపు లయలో కలుపుతుంది.

## లయ తప్పితే ఏమి పోతుంది?

నక్షత్రం ఇలా ఎందుకు స్పందిస్తుంది? ఉడుకుతున్న కుండ మీది మూతను గుర్తు చేసుకోండి. ఆవిరి బంధింపబడి మూతను లేపుతుంది. ఆవిరి బయటికి పోగానే మూత దిగుతుంది. మళ్ళీ ఆవిరి పేరుకుంటుంది. ఈటా అక్విలే వంటి నక్షత్రాల లోపల హీలియం వాయువు ఉన్న ఒక పొర ఈ మూత పని చేస్తుంది. నక్షత్రం కుంచించుకున్నప్పుడు ఆ పొర లోపలి వేడిని బయటికి పోనివ్వదు. వేడి పేరుకుని నక్షత్రాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బాక పొర పలుచనై వేడిని వదిలిపెడుతుంది. నక్షత్రం తిరిగి కుంచించుకుంటుంది.

ఈటా అక్విలే వెలుగు మారుతున్నదని 1784 సెప్టెంబరులో ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఎడ్వర్డ్ పిగట్ కనిపెట్టాడు. కొద్ది వారాలకే అదే ఊరివాడు, ఆయన మిత్రుడు జాన్ గుడ్రిక్, ‘డెల్టా సెఫీ’ అనే నక్షత్రంలో ఇటువంటి మార్పునే గుర్తించాడు. దాని ఆవర్తన కాలం 5 రోజుల 9 గంటలు. గుడ్రిక్ పుట్టు చెవిటి కాకపోయినా పసితనంలోనే వినికిడి పోగొట్టుకున్నవాడు. 21 ఏళ్ళకే మరణించాడు. మబ్బు లేని ప్రతి రాత్రీ చూడటం, చూసిన వేళను గంటతో సహా రాసుకోవడం, ఇదే ఆ ఇద్దరు యువకుల ఆయుధం. ఆ నక్షత్రం పేరు మీదనే ఈ జాతి తారలన్నిటికీ ‘సెఫీడ్లు’ అనే పేరు స్థిరపడింది.

1912లో అమెరికాలోని హార్వర్డ్ వేధశాలకు చెందిన హెన్రియెటా లీవిట్ ఒక గొప్ప నియమాన్ని ప్రకటించింది. సెఫీడ్ ఎంత నెమ్మదిగా స్పందిస్తే దాని సహజ ప్రకాశం అంత ఎక్కువ. కాబట్టి ఆవర్తన కాలం తెలిస్తే నక్షత్రపు అసలు వెలుగు తెలుస్తుంది. అసలు వెలుగును కంటికి కనిపించే వెలుగుతో పోలిస్తే దూరం తెలుస్తుంది. ఎడ్విన్ హబుల్ 1923లో ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను గుర్తించి, అది మన నక్షత్ర మండలానికి ఆవల ఉన్న మరో మహా మండలమని నిరూపించింది ఈ కొలబద్దతోనే. ఇప్పుడు ఆలోచించండి: 7 రోజుల నక్షత్రాన్ని 284 రోజుల నక్షత్రమని పొరబడితే, అది ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ప్రకాశవంతమైనదని, ఎంతో దూరాన ఉన్నదని లెక్క తేలుతుంది. ఒక్క లయ తప్పితే విశ్వం కొలతే తప్పుతుంది.

## ఒకే నక్షత్రం, అనేక లయలు

సెఫీడ్ సాధారణంగా ఒకే ప్రధాన లయతో స్పందిస్తుంది కాబట్టి కొంత నయం. చాలా నక్షత్రాలు అలా కావు. ‘డెల్టా స్కూటీ’ జాతి తారలు అరగంట నుండి కొన్ని గంటల వరకు ఉండే అనేక లయలతో ఒకేసారి స్పందిస్తాయి. శ్వేత కుబ్జ తారల లయలు నిమిషాలలోనే ఉంటాయి. పెద్ద గంటను మోగిస్తే ఒకే నాదంలో అనేక స్వరాలు కలిసి ఉన్నట్టే. గంటను కోసి చూడకుండా, స్వరాలను బట్టే దాని లోహాన్ని, మందాన్ని అంచనా వేయగలిగే నిపుణుని వలె, శాస్త్రజ్ఞులు ఈ లయలను బట్టి నక్షత్రపు ద్రవ్యరాశిని, వయస్సును, లోపలి పొరలను, భ్రమణాన్ని తెలుసుకుంటారు. నక్షత్రం లోపలికి తొంగి చూడటానికి ఇంతకు మించిన కిటికీ లేదు.

కలిసిపోయిన లయలను విడదీయడానికి 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు జోసెఫ్ ఫూరియే చూపిన మార్గమే నేటికీ ఆధారం. ‘రోజుకు ఒకసారి స్పందిస్తున్నదా? ఒకటిన్నర సార్లా? రెండు సార్లా?’ అంటూ సాధ్యమైన ప్రతి పౌనఃపున్యాన్నీ పరిశీలనలతో పోల్చి చూస్తారు. ఏది బాగా సరిపోతే అక్కడ పటంలో ఒక శిఖరం లేస్తుంది. ఖాళీలు లేకుండా చాలాకాలం చూసి ఉంటే, ప్రతి లయకూ ఒక సన్నని శిఖరం, మిగిలినదంతా చదునైన నేల.

కానీ భూమి మీది వేధశాలకు పగలు అనే ఖాళీ తప్పదు. రోజూ వచ్చే ఆ ఖాళీ ఏమి చేస్తుందో చెప్పడానికి మా హాజరు పట్టీనే ఉదాహరణగా తీసుకుంటాను. సంవత్సరం పొడుగునా హాజరు అంకెలను, శుక్రవారాలలో సున్నా వేసి, ఒక గణితజ్ఞుని చేతికిచ్చామనుకోండి. ‘మీ విద్యార్థులలో ఏడు రోజులకు ఒకసారి ఏదో బలమైన మార్పు జరుగుతోంది’ అని ఆయన చెబుతాడు. ఆ లయ విద్యార్థులది కాదు, మా సెలవుది. అదే విధంగా, రాత్రి మాత్రమే చూసే పరిశీలకుని పటంలో ‘రోజుకు ఒకటి’ అనే లయ చొరబడుతుంది. శుక్రవారాన్ని అసలు లెక్కలో చేర్చకుండా వదిలేసినా చిక్కు పూర్తిగా పోదు. ఆ ఏడు రోజుల ముద్ర మరో రూపంలో మిగులుతుంది.

ఎలాగంటే, ఒక నక్షత్రం నిజంగా రోజుకు 10.3 సార్లు స్పందిస్తున్నదనుకుందాం. ప్రతి రాత్రి తొమ్మిది గంటలకు ఒక్కసారి మాత్రమే చూస్తే, రెండు చూపుల మధ్య పది పూర్తి స్పందనలు జరిగి, పైన 0.3 మిగులుతుంది. మనకు కనిపించేది ఆ 0.3 మాత్రమే. రోజుకు 9.3 సార్లు స్పందించే నక్షత్రమైనా, 11.3 సార్లు స్పందించేదైనా మిగిలేది అదే 0.3. మూడింటినీ వేరుపరిచే ఆధారం మన పుస్తకంలో లేదు. పోలీసు వార్తలలో ఒకే మనిషి పేరు తర్వాత ‘అలియాస్’ అని మరో పేరు వస్తుంది కదా, శాస్త్రజ్ఞులు ఇటువంటి దొంగ శిఖరాలకు పెట్టిన పేరు కూడా అదే. మనం వాటిని ‘నీడ లయలు’ అందాం.

రాత్రికి ఒక్క చూపు కాక ఏడు గంటలు వరుసగా చూస్తే? పరిస్థితి మెరుగవుతుంది, కానీ పూర్తిగా కాదు. ఏడు గంటలలో 10.3 లయ మూడు స్పందనలు పూర్తి చేస్తుంది, 11.3 లయ 3.3, 9.3 లయ 2.7 పూర్తి చేస్తాయి. ఒక్క రాత్రిలో తేడా స్పందనలో మూడో వంతు కూడా లేదు. గాలి కదలిక వల్ల వెలుగు కొంచెం అదిరినా ఆ తేడా మరుగునపడుతుంది. అందుకే పటంలో అసలు శిఖరానికి ఇరువైపులా, రోజుకు ఒక్క స్పందన దూరంలో, దానికంటే కొంచెం పొట్టి శిఖరాలు మెట్ల వలె నిలబడతాయి.

నక్షత్రంలో ఇరవై లయలు ఉంటే, ప్రతి లయా తన నీడలను వెంటబెట్టుకుని వస్తుంది. రెండు బలమైన లయల నీడలు ఒకచోట కలిస్తే, ఆ నీడ మూడో నిజమైన లయ కంటే ఎత్తుగా లేవవచ్చు. పరిశోధకుడు అన్నిటికంటే ఎత్తైన శిఖరాన్ని నిజమని ఎంచి, దాన్ని లెక్కలోంచి తీసివేసి, మిగిలినదానిలో తర్వాతి శిఖరాన్ని వెదుకుతాడు. మొదటి ఎంపికే నీడ అయితే, తీసివేతతో నిజం పోదు, నీడా పూర్తిగా పోదు. ఆ తర్వాత తేలే ప్రతి లయా అనుమానాస్పదమే అవుతుంది. పునాదిలో ఒక్క ఇటుక వంకరగా పెడితే గోడంతా వంకరపోయినట్టు.

## అన్ని ఖాళీలూ ఒకటి కావు

ఖాళీలలో రకాలున్నాయి. రోజూ వచ్చే పగలు ఒకటి. నెలకు ఒకసారి నిండు చంద్రుడు మసక తారలను మింగివేయడం మరొకటి. సంవత్సరానికొకసారి సూర్యుడు ఆ నక్షత్రపు దిశలోకి వచ్చి కొన్ని నెలలు దాన్ని కనబడనీయకపోవడం ఇంకొకటి. మన దేశంలోనైతే వానకాలపు మబ్బులు వీటికి తోడు. ప్రతి ఖాళీ తన కాలాన్ని బట్టి తన నీడలను వేస్తుంది. పగటి ఖాళీ వేసే నీడలు దూరదూరంగా ఉంటాయి. సంవత్సరపు ఖాళీ వేసే నీడలు అసలు శిఖరానికి అంటుకుపోయినంత దగ్గరగా ఉంటాయి.

నెలల తరబడి ఖాళీ వచ్చినప్పుడు స్పందనల లెక్కే తప్పిపోయే ప్రమాదముంది. ఒక ఋతువులో చూసి, రోజుకు ఎన్ని స్పందనలో 0.005 మేర అనిశ్చితితో తెలుసుకున్నామనుకుందాం. చాలా సూక్ష్మమైన కొలతే. కానీ 240 రోజుల ఖాళీలో ఆ అనిశ్చితి పేరుకుని 1.2 స్పందనలవుతుంది. ఖాళీ తర్వాత మళ్ళీ చూసినప్పుడు, మధ్యలో జరిగిన స్పందనలు ఎన్నో నిశ్చయంగా చెప్పలేము. ఒకటి ఎక్కువో తక్కువో కావచ్చు. తస్బీహ్ తిప్పుతుండగా మధ్యలో ఎవరో పిలిస్తే, తిరిగి వచ్చాక ఏ పూస దగ్గర ఆగామో తెలియనట్టు.

ఇక్కడొక వింత ఉంది. మనకు క్రమశిక్షణ మంచిదే గానీ, ఖాళీలలో క్రమశిక్షణ హానికరం. ఎప్పుడు వస్తాయో తెలియని మబ్బులు, యంత్రాల మరమ్మతులు వంటి అక్రమ ఖాళీలు తమ అబద్ధాన్ని పటమంతటా సన్నగా చల్లుతాయి. ఒకచోట శిఖరంగా లేపవు. గడియారం ప్రకారం వచ్చే ఖాళీలే దొంగ శిఖరాలను నిలబెడతాయి. మా విద్యార్థులు వారానికి ఒక్కసారే చూసినా, ఏ వారానికి ఆ వారం రోజు మార్చి చూసి ఉంటే, నక్షత్రం తన రహస్యాన్ని ఐదు వారాలలోనే చెప్పి ఉండేది.

## ఖాళీని నింపవచ్చా?

లేని అంకెల స్థానంలో ఏదో ఒకటి రాసేద్దామన్న ప్రలోభం సహజం. సున్నా రాస్తే, ఆ వేళ నక్షత్రం ఆరిపోయిందని సాక్ష్యం చెప్పినట్టవుతుంది. సగటు రాస్తే, స్పందన ఆగిపోయిందని చెప్పినట్టవుతుంది. అటు చివరనూ ఇటు చివరనూ గీతతో కలిపితే, మధ్యలో పూర్తయిన స్పందనలను చెరిపివేసినట్టవుతుంది. చిన్న ఖాళీలకు జాగ్రత్తగా చేసే పూరణ పద్ధతులు ఉన్నాయి. అయితే ఖాళీ ఎంత పెద్దదైతే, నింపినవాని ఊహ అంతగా నక్షత్రపు మాటగా చెలామణి అవుతుంది.

ఉన్న అంకెలతోనే, అవి ఎంత ఎగుడుదిగుడు వేళలలో తీసినవైనా, లెక్క చేసే పద్ధతులు 1970ల నుండి వచ్చాయి. 1975లో టెరెన్స్ డీమింగ్, 1976లో నికోలస్ లాంబ్, 1982లో జెఫ్రీ స్కార్గిల్ ఈ దారిలో ముఖ్యమైన మెట్లు వేశారు. డీమింగ్ నొక్కి చెప్పిన విషయం గమనించదగినది. నక్షత్రపు పటంతో పాటు, కేవలం పరిశీలన వేళలకు మాత్రమే మరో పటం గీయాలి. ఆ పటంలో నక్షత్రపు ప్రసక్తే ఉండదు. మనం ఎప్పుడు చూశామో, ఎప్పుడు చూడలేదో మాత్రమే ఉంటుంది. మన చూపులోని ఖాళీలు ఏ శిఖరాన్నైనా ఏ ఆకారంలోకి మార్చివేస్తాయో అది ముందే చెబుతుంది. నక్షత్రం మీద తీర్పు చెప్పే ముందు పరిశీలకుడు తన మీద తాను తీర్పు చెప్పుకోవడం అన్నమాట. 1987లో రేడియో ఖగోళ శాస్త్రం నుండి తెచ్చుకున్న మరో పద్ధతి, ఈ రెండో పటం సాయంతో నీడలను ఒక్కొక్కటిగా తుడుస్తూ పోతుంది. అయినా ఏ గణితమూ రాయని రాత్రిని తిరిగి తేలేదు. ఏ అనుమానం మిగిలిందో నిజాయితీగా చెప్పగలగడమే దాని గొప్పతనం.

మన ఇళ్ళలో ఈ విచక్షణ కొత్తది కాదు. 29వ సాయంత్రం నెలవంక కనబడలేదని ఎవరైనా అంటే, పెద్దలు మొదట అడిగేది, ‘ఆకాశం ఎలా ఉంది?’ అని. మబ్బు వల్ల కనబడకపోవడం వేరు. నిర్మలమైన ఆకాశంలో అందరూ వెదికినా కనబడకపోవడం వేరు. సాక్ష్యాన్ని స్వీకరించే నియమాలు కూడా మబ్బు ఉన్న రోజుకు ఒక విధంగా, లేని రోజుకు మరో విధంగా ఉండటం పాఠకులకు తెలిసినదే.

## చేతులు మారే రాత్రి

ఖాళీకి అసలైన మందు ఖాళీ రానివ్వకపోవడమే. సూర్యుని స్పందనలను వినడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గ్రెక్, ఫోసా, అమెరికాకు చెందిన పామరాంట్జ్ దక్షిణ ధ్రువానికే వెళ్ళారు. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు. ఐదు రోజుల పాటు నిరాటంకంగా చూసి, 1980లో ప్రకటించిన ఫలితాలలో, సూర్యుని ఐదు నిమిషాల స్పందన అనేక సన్నని లయలుగా విడిపోయి కనిపించింది. 1995 నుండి ‘గాంగ్’ అనే ఆరు కేంద్రాల కూటమి ప్రపంచం చుట్టూ ఈ పని చేస్తున్నది. ఒకచోట సూర్యుడు అస్తమిస్తే మరోచోట ఉదయిస్తాడు. ఆ ఆరింటిలో ఒకటి రాజస్థాన్‌లోని ఉదయపూర్ సౌర వేధశాల.

రాత్రి నక్షత్రాల కోసం ఇటువంటి ఏర్పాటే 1986లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఎడ్ నాథర్, డాన్ వింగెట్ ఆరంభించారు. దానికి వారు పెట్టిన పేరుకు అర్థం ‘భూగోళమంతా ఒకే దూరదర్శిని’. ఒక ఖండంలో తెల్లవారేలోగా పడమటి ఖండంలోని వేధశాల అదే నక్షత్రాన్ని అందుకుంటుంది. 1989లో వారు కన్యా మండలంలోని ‘పీజీ 1159-035’ అనే అత్యుష్ణ తారను చూశారు. శ్వేత కుబ్జ తారగా మారబోతున్న నక్షత్రమది. మొత్తం 264 గంటల పరిశీలనలు పోగయ్యాయి. 1991లో ప్రచురించిన ఫలితాలలో 125 లయలు లెక్క తేలాయి. నక్షత్రం తిరగడం వల్ల ఒక్కో లయ దగ్గరదగ్గరగా ఉన్న కొన్ని తోబుట్టువులుగా విడిపోతుంది. ఆ తోబుట్టువుల మధ్య దూరం, పగటి ఖాళీ వేసే నీడల దూరం కంటే తక్కువ. ఒకే చోటి నుండి చూస్తే నీడలూ తోబుట్టువులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. నీడలు తొలగాక, నక్షత్రం 1.38 రోజులకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతున్నదని కూడా తెలిసింది.

ఈ గొలుసులో భారతదేశపు స్థానం విలువైనది. తూర్పున ఆస్ట్రేలియా, పడమట ఆఫ్రికా, యూరపు. ఈ మధ్యలో మన దేశం మీద మబ్బు కమ్మితే గొలుసులో ఒక కడియం తెగినట్టే. ఈ కూటమి పరిశీలనలలో పాలుపంచుకున్న చోట్లలో తమిళనాడులోని కావలూరు ఒకటి. ఆ వేధశాల వైణు బప్పు పేరు మీద ఉంది. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేశారు. బప్పు ఆకాశాన్ని చదవడం నేర్చుకున్నది ఆ నగరంలోనే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఆ వేధశాలకు వేసిన పునాది ఫలాలలో ఇదొకటి అనుకోవచ్చు.

## అంతరిక్షంలోనూ ఖాళీలే

పగలూ మబ్బూ లేని అంతరిక్షానికి వెళితే చిక్కు తీరిపోతుందని అనిపిస్తుంది. చాలావరకు తీరింది కూడా. 2009లో ప్రయోగించిన కెప్లర్ నాలుగేళ్ళ పాటు ఒకే ఆకాశ భాగాన్ని చూసింది. అయితే, చూసినదాన్ని భూమికి పంపడానికి అది నెలకొకసారి తల తిప్పవలసి వచ్చేది. 2006లో వెళ్ళిన యూరపు ఉపగ్రహం కోరో, దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్ళిన ప్రతిసారీ అక్కడి విద్యుత్కణాల తాకిడికి కొన్ని నిమిషాల పరిశీలనలు కోల్పోయేది. 2018లో వెళ్ళిన టెస్, ఆకాశంలో ఒక్కో భాగాన్ని సుమారు 27 రోజుల చొప్పున చూసి ముందుకు సాగుతుంది. తిరిగి వచ్చేసరికి చాలాకాలం గడిచిపోతుంది.

ఇక మా త్రాసులోని నడిమి చుక్క ఆల్టెయిర్ కథ. 1999 మార్చిలో అమెరికా ‘వైర్’ అనే ఉపగ్రహాన్ని పంపింది. కొద్ది రోజులకే దాని దూరదర్శినిని చల్లబరిచే హైడ్రోజన్ అంతా ఆవిరైపోయి, అసలు పని అసాధ్యమైంది. దిక్కు చూసుకోవడానికి అమర్చిన ఐదు సెంటీమీటర్ల చిన్న కెమెరా మాత్రం మిగిలింది. శాస్త్రజ్ఞులు దానినే నక్షత్రాల స్పందనలు చూడటానికి వినియోగించారు. ఆల్టెయిర్ కూడా డెల్టా స్కూటీ జాతిదేనని, దాని వెలుగులో ఏడు లయలున్నాయని 2005లో ప్రకటించారు. వాటిలో పెద్దదాని ఎత్తు కూడా నక్షత్రపు వెలుగులో వెయ్యో వంతు కంటే తక్కువ. ఆవర్తన కాలం సుమారు గంటన్నర. చిక్కేమిటంటే, ఆ ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టిరావడానికి పట్టే సమయమూ గంటన్నర దరిదాపే. ప్రతి చుట్టులోనూ భూమి అడ్డువచ్చి ఖాళీ ఏర్పడేది. అంటే నక్షత్రపు లయ, ఖాళీల లయ పక్కపక్కనే నడిచాయి. ఒక్క రోజు చూసి ఆపితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. వారాల తరబడి చూస్తే, ఒకే రకం అడుగులతో బయలుదేరిన ఇద్దరు బాటసారులు క్రమంగా దూరమైనట్టు రెండూ విడిపోతాయి.

## మా పుస్తకంలో మూడు గళ్ళు

మరుసటి వారం తరగతిలో, ఆ కుర్రవాడిని నిలబెట్టి, అందరి ఎదుట నా మాటను వెనక్కి తీసుకున్నాను. సోమవారం నాడు వాడు చూసినదే నిజమని, మా ఐదు గురువారాలూ ఎందుకు మోసపోయాయో నల్లబల్ల మీద లెక్క వేసి చూపించాను. వాడు తలదించుకుని కూర్చున్నాడు గానీ, ముఖం వెలిగింది.

తర్వాతి సంవత్సరం నుండి పద్ధతి మార్చాము. రాత్రికి ఇద్దరి చొప్పున వంతులు వేసుకుని వారం పొడుగునా చూస్తారు. ముతాలాకు పది నిమిషాలు మాత్రమే నష్టం. నోటు పుస్తకంలో ప్రతి తేదీకి మూడు గళ్ళు ఉంటాయి. మొదటిది, చూశాము, ఇంత వెలుగు. రెండవది, చూశాము, మబ్బు. మూడవది, చూడలేదు. మూడవ గడిలో గీత పెట్టడానికి పిల్లలు మొదట సిగ్గుపడేవారు. నిద్రపోయామని ఒప్పుకోవాలి కదా. కొందరు నిన్నటి అంకెనే మళ్ళీ రాసేవారు. ఆ గీత తప్పు కాదని, అది లేకపోతే మిగిలిన అంకెలన్నీ నమ్మదగనివి అవుతాయని వారికి నచ్చచెప్పడానికి నాకు ఒక నెల పట్టింది.

ఇప్పుడు ఆ పుస్తకాలు తిరగేస్తే మూడవ గడిలో చాలా గీతలు కనిపిస్తాయి. అవి ఉన్నందువల్లనే, పక్క గళ్ళలోని అంకెలను కలిపి గీసిన రేఖ 7 రోజుల 4 గంటల దగ్గర సరిగ్గా మడత పడుతున్నది.